ప్రెసిడెంటుగారి ఓటు

స్పెయిన్ దేశపు రాజకీయాలతో నాకు బొత్తిగా పనిలేదు. తాడేపల్లిగూడెంలో ఎనిమిదో తరగతి పిల్లలకి సోషల్ చెప్పుకునే మనిషిని. ఆ దేశం పటంలో ఎక్కడుందో స్కేలు పెట్టి చూపించడం వరకే నాకూ దానికీ చుట్టరికం. అలాంటిది మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ఆ దేశపు నాయకుడొకాయన చరిత్ర అరపేజీ వేశారు. ఊరి కౌన్సిల్లో మెంబరుగా మొదలుపెట్టాడట, మేయరయ్యాడట, పార్లమెంటుకి వెళ్ళాడట, మంత్రి పదవీ వెలగబెట్టాడట, ముసలితనంలో మళ్ళీ తిరిగొచ్చి సొంత ఊళ్ళో మెంబరుగానే నిలబడ్డాడట. పక్కనే ఫొటో. తన ఓటు తాను పెట్టెలో వేసుకుంటూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

"ఛీ, సిగ్గులేదూ!" అన్నాను పైకే.

"ఎవరికి?" అన్నారు మావారు ఉలిక్కిపడి.

"స్పెయిన్ ఆయనకి."

"పాపం, ఆయనేం చేశాడు నిన్ను?"

ఏమీ చేయలేదు. ఆ ఫొటో చూడగానే నాకు మా ప్రెసిడెంటుగారు గుర్తొచ్చారు. గుర్తొచ్చిన వెంటనే కోపం, దాని వెనకాలే ఏడుపూ వచ్చాయి. ఆయన పోయి నెల దాటింది.

మా వైపు సర్పంచిని ఎవరూ సర్పంచి అనరు, ప్రెసిడెంటుగారంటారు. పదవి పోయినా ఆ పిలుపు పోదు. నా మొదటి పోస్టింగు కొల్లేటి అంచున ఒక లంక ఊళ్ళో. ఏలూరులో బస్సెక్కి, గుండుగొలనులో దిగి, ఆటో పట్టుకుని, చేపల చెరువుల గట్ల మీద ఒళ్ళు హూనం చేసుకుంటే వచ్చేది ఆ ఊరు. చుట్టూ చూపు ఆనినంత మేర నీళ్ళే, బళ్ళో మాత్రం తాగడానికి చుక్క లేదు. మధ్యాహ్నం అన్నం తిన్న పిల్లలు నీళ్ళకని ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు. వెళ్ళినవాడు తిరిగొస్తే ఒట్టు.

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. మూడో రోజే పంచాయితీ ఆఫీసుకి వెళ్ళాను. లోపల ఒక పెద్దాయన, పంచె మోకాళ్ళ మీదికి కట్టుకుని, భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ దులుపుతున్నాడు. బంట్రోతనుకున్నాను.

"ప్రెసిడెంటెక్కడయ్యా?"

"కూర్చోండమ్మా."

"కూర్చునే తీరిక లేదు నాకు. మీ ప్రెసిడెంటుకి చెప్పు, పిల్లలు నాలుకలు పీక్కుపోయి చస్తున్నారు, ఆయనగారు ఏం చేస్తున్నారో కనుక్కో..." అంటూ పావుగంట దులిపేశాను. ఆయన చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు.

"అలాగేనండీ. చెబుతానండీ ఆయనకి."

మర్నాడు ప్రార్థన వేళకి ఆ పెద్దాయనే సైకిలుకి చెరో వైపు నీళ్ళ బిందె కట్టుకుని బళ్ళోకి వచ్చాడు. పిల్లలంతా లేచి నిలబడి "నమస్తే ప్రెసిడెంటుగారండీ" అని కోరస్ పాడారు. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన బిందెలు దించి, మూతల మీద గుడ్డ సర్ది, నా దగ్గరికి వచ్చి నిదానంగా అన్నారు.

"చెప్పానండీ ఆయనకి. తప్పేనని ఒప్పుకున్నారండీ."

మొహంలో నవ్వనేదే లేదు! ఆ తర్వాత బడికి కుళాయి వచ్చేదాకా ఆ బిందెలు ఒక్కపూట ఆగలేదు. నేను క్షమాపణ చెప్పబోయినప్పుడల్లా "భలేవారేనండీ, నన్నేం అన్నారు మీరు, ప్రెసిడెంటునన్నారు గానీ" అనేవారు.

ఆ నీళ్ళు ఊరి మంచినీళ్ళ చెరువువి. కొల్లేటి ఊళ్ళలో నేలంతా తవ్వి చేపల చెరువులు చేసేశారు గనక, మేత పడని చెరువు ఊరు మొత్తానికి అదొక్కటే మిగిలింది. రోజూ పొద్దున్నే ఆయన రేవులోకి దిగి, దోసిట్లో నీళ్ళు పట్టి, నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవారు. గట్టు మీద బిందెలతో ఆడవాళ్ళు తీర్పు కోసం చూసేవాళ్ళు. "ఇవాళ కొంచెం చప్పగా ఉన్నాయండీ, బాగున్నాయి" అంటే బిందెలు దిగేవి. ఎండాకాలం ఉప్పుటేరు మీంచి ఉప్పు ఎగదన్నితే మాత్రం "కొంచెం తగిలిందండీ" అని ఊరుకునేవారు, వెంటనే ఇంజను బయటికి తీసేవారు కాలవ నీళ్ళు తోడటానికి. ఒకసారి ఏలూరులో మా పుట్టింటికి వస్తే మా అమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఒక గుక్క తాగి, "కృష్ణ నీళ్ళండీ ఇవి, నిన్నటిదాకా గోదావరి తాగి ఉంటారు మీరు" అన్నారు. మా అమ్మ ఆ గ్లాసు వంక అనుమానంగా చూసింది.

ఉపన్యాసం చేతనయ్యేది కాదు. జెండా పండక్కి ఏటా ఒకటే మాట: "పిల్లలూ, నీళ్ళు కాచుకుని తాగండి. జైహింద్." అంతే, దిగిపోయేవారు. నేనెంత రాసిచ్చినా కాగితం జేబులోంచి బయటికి వచ్చేది కాదు.

ఆయనకి చేతకాని పని ఇంకొకటుంది. వడ్డించుకోవడం! వాళ్ళింట్లో నేను చాలాసార్లు భోజనం చేశాను. నేనైతే గిన్నె దగ్గరికి లాక్కుని కావలసినంత వేసుకునేదాన్ని, నాకు మొహమాటాలు లేవు. ఆయన కంచం ఖాళీ అయినా ఎదురుగా ఉన్న గరిట ముట్టుకునేవారు కాదు. ఎవరూ చూడకపోతే చెయ్యి కడిగేసుకుని "కడుపు నిండిందండీ" అనేవారు. వాళ్ళావిడది అత్తిలి. ఆవిడ పుట్టింటికి వెళితే ఈయనకి పస్తే. ఒకసారి అన్నం వండి, కూర వండి, వాకిట్లో ముందు పెట్టుకుని కూర్చుంటే, పక్కింటి వీర్రాజు వచ్చి వడ్డించేదాకా అలాగే ఉన్నారట.

"పెళ్ళినాడే చెప్పారమ్మా మా మావగారు," అనేది ఆవిడ. "వాడి విస్తట్లో వాడు వడ్డించుకోడు, చూసుకోవే తల్లీ అని. నేను సరసమనుకున్నాను."

ఈ వీర్రాజు గురించి చెప్పాలి. ప్రెసిడెంటుగారి మోటారుసైకిలు మనిషి. ఆయన ఏలూరు ఆఫీసులకి వెళ్ళాలన్నా, ముదినేపల్లిలో ఎవరి దినానికి వెళ్ళాలన్నా వీర్రాజు బండి వెనకే. బాబాయిగారూ బాబాయిగారూ అంటూ ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లోనే పెరిగినంత పనయ్యింది.

అలా ఆ బండి మీదే ఆయన రాజకీయం సాగింది. మెంబరుగా మొదలై రెండుసార్లు ప్రెసిడెంటయ్యారు. మూడోసారి సీటు ఆడవాళ్ళకి రిజర్వయితే వాళ్ళావిడ నిలబడి నెగ్గింది. సంతకం ఆవిడది, పెత్తనం ఈయనది అనుకున్నారు మగాళ్ళంతా. ఆవిడ మొదటి మీటింగులోనే, "మెంబర్లు కానివాళ్ళు లోపల ఉండకూడదంటండీ" అని ఈయన్ని బయటికి పంపేసింది. అయిదేళ్ళూ ఆఫీసు అరుగు మీదే కూర్చున్నారు, వచ్చినవాళ్ళకి తువ్వాలుతో చోటు దులిపి ఇస్తూ. ఆ తర్వాత మండల ప్రెసిడెంటయ్యారు. ఒకసారి ఎమ్మెల్యే టిక్కెట్టు ఖాయమని గాలి వచ్చింది కూడా. వీర్రాజే విజయవాడ తీసుకెళ్ళాడు. పార్టీ పెద్దాయన ఇంటి ముందు గదిలో మూడు రోజులు కూర్చున్నారట. పిలుపొచ్చినప్పుడల్లా పక్కవాడితో "మీరు వెళ్ళి రండి, ఏదో తొందరలో ఉన్నట్టున్నారు" అనేవారట. అలా తొందరలో వెళ్ళినవాళ్ళలో ఒకడు టిక్కెట్టు పట్టుకుని బయటికి వచ్చాడు. వీర్రాజు ఆ కథ చెబుతూ తలకాయ బాదుకున్నాడు.

"పోన్లేరా," అన్నారు ఆయన. "ఎమ్మెల్యే అయితే పొద్దున్నే రేవుకెవడు వెళతాడు?"

నాకు గూడెం బదిలీ అయ్యాక కూడా ఫోన్లు నడిచేవి. ఒకనాడు ఆయన వార్డు మెంబరుగా నామినేషన్ వేశారని తెలిసి నేనే చేశాను.

"మండల ప్రెసిడెంటుగా చేసి ఇప్పుడు వార్డు మెంబరేంటండీ? నలుగురూ నవ్వరూ?"

"మేడెక్కినవాళ్ళు దిగరా అండీ? వంటిల్లు కిందే కదండీ ఉండేది."

"వేళాకోళాలొద్దు. సంగతేంటి?"

సంగతి చెరువు. ఊళ్ళోకి టిన్ను నీళ్ళు వస్తున్నాయి, ఇక ఈ చెరువెందుకు, చేపలకి లీజుకిచ్చేద్దాం అని కొందరు లేచారు. మంచినీళ్ళ చెరువులో చేపలు పెంచకూడదని కాగితాల్లో రాసుంటుంది గానీ, కొల్లేటి గట్ల మీద కాగితం ఎంతసేపు ఆగుతుంది? వార్డులు సగానికి సగం చీలిపోయాయి. మా బడి ఉన్న వార్డు ఎటు మొగ్గితే చెరువు అటు. టిన్ను కొనుక్కోలేని ఇళ్ళన్నీ ఆ వార్డులోనే ఉన్నాయి. "ఒక్కసారి చేప పడిందంటే ఆ నీళ్ళు మళ్ళీ నీళ్ళు కావండీ," అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదటిసారి.

"మీ మీద ఎవరు నిలబడతారు లెండి," అన్నాను.

"మన వీర్రాజేనండీ."

లీజు కావాలన్నవాళ్ళు తెలివిగలవాళ్ళు. వీర్రాజుకి అప్పటికి సొంతంగా చేపల చెరువుంది, మేత కొట్టువాళ్ళతో మొహమాటముంది. తోసి నిలబెట్టారు. గుర్తులు పంచితే వీర్రాజుకి బీరువా, ప్రెసిడెంటుగారికి గౌను వచ్చాయి. డెబ్భై దాటిన మనిషి, తెల్ల మీసాలతో, మనవరాలి గౌను కర్రకి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగారు. "ఈ వయసులో గౌనేంటండీ ప్రెసిడెంటుగారూ" అని ఆడవాళ్ళు నవ్వితే, "కొలత సరిపోలేదమ్మా, అందుకే చేత్తో పట్టుకున్నాను" అనేవారు.

అప్పటికి జిల్లా ఇంకా రెండు ముక్కలు కాలేదు. ఎవరు వేశారో గానీ నాకు పోలింగ్ డ్యూటీ ఆ ఊళ్ళోనే పడింది, ఆ వార్డులోనే. డ్యూటీలో ఉన్నదాన్ని, పైకి నవ్వకూడదు, పలకరించకూడదు. ఆయన పొద్దున్నే లైన్లో నిలబడి వచ్చారు. ఏజెంట్ల బెంచీ దులిపారు, అవతలివాళ్ళ ఏజెంటు కూర్చున్న చోటుతో సహా. బ్యాలెట్టు అందుకుని అట్టపెట్టె వెనక్కి వెళ్ళి చిటికెలో బయటికి వచ్చారు. ఆ తర్వాత వీర్రాజు వచ్చాడు. వాడు వెళ్ళాక ఎంతకీ బయటికి రాడే! లైను ఆగిపోయింది.

"ఏమయ్యా, నిద్రపోయావా అక్కడ?" అని కసిరాను. వాడు చెమటలు కక్కుతూ వచ్చి కాగితం పెట్టెలో వేసి, నా వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బళ్ళోనే లెక్కింపు. కట్టలు కట్టాం, విప్పాం, ఆఫీసరుగారు మళ్ళీ లెక్కపెట్టమన్నారు. రెండుసార్లూ అదే వచ్చింది. బీరువా నెగ్గింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడా.

 ప్రెసిడెంటుగారు చూపించిన చోటల్లా సంతకం పెట్టి, బయట కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంటున్నారు. నేను వెనకాలే వెళ్ళాను.

"ఒక్క ఓటండీ! ఎవడు వేయలేదో గానీ..."

"ఎవరో అనుకోవడమెందుకండీ. నాదేనండీ అది."

నాకు అర్థం కాలేదు.

"నా ఓటు నేనెప్పుడూ వేసుకోలేదండీ. అవతలాయనకే వేస్తాను. మొదట్నుంచీ అంతే. పదిమందీ వడ్డిస్తే తినాలి గానీ, మన విస్తట్లో మనమే వడ్డించుకోవడం ఏం మర్యాదండీ?"

 ఆ ఓటు అటు వేయకుండా ఇటు వేసుకుని ఉంటే ఈయనే ఒక్క ఓటుతో నెగ్గేవారు! ఇంత ముసలాయన, నాకు తండ్రిలాంటివాడు, ఆ మాటా మర్చిపోయాను.

"మతుందా అండీ మీకు? ఇది పెళ్ళి భోజనమా? ఊరి నీళ్ళండీ! మీ మర్యాద పాడుగానూ, చెరువు మొత్తం ముంచేశారు కదండీ!"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తువ్వాలు తీశాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిజమేనండీ. చెయ్యి వెళ్ళలేదండీ నా పేరు మీదికి. వెళ్ళమంటే వెళ్ళలేదు." తర్వాత అన్నారు, "ఇది ఎవరికీ చెప్పకండి. వాడికి అసలు తెలియకూడదు. దయతలిచి వేశారనుకుని చిన్నబోతాడు."

నేను మాటిచ్చాను. ఆయన అలాగే నడిచి వెళ్ళి, బాణాసంచా కాలుస్తున్న గుంపులోకి దూరి, వీర్రాజు కోసం వేసిన కుర్చీ దులిపారు. వాడు కూర్చోలేదు. "కూర్చోరా, మెంబరువి" అని భుజం పట్టుకుని కూర్చోబెట్టి, "చెరువు జాగ్రత్త నాయనా" అని ఇంటికి వెళ్ళిపోయారు. నేను ఆయనతో మాట్లాడకుండా బస్సెక్కేశాను.

ఆ తర్వాత జరిగింది ఊరంతా చెప్పుకుంది. లీజు తీర్మానం మీటింగుకి వచ్చింది. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. వీర్రాజు చెయ్యి లేవలేదు. కాదన్నవాళ్ళు ఎత్తమంటే లేచింది. తోసి నిలబెట్టినవాళ్ళు నానా తిట్లూ తిట్టారు, మేత కొట్టువాళ్ళు సరుకు ఆపేశారు. ఎందుకలా చేశాడో ఎవరికీ చెప్పలేదు. కుర్చీ దులిపిన తువ్వాలు పని చేసిందనుకున్నాను నేను. అయినా ప్రెసిడెంటుగారి మీద నా కోపం మాత్రం పోలేదు. ఫోనులో ఎప్పుడు మాట్లాడినా చివర్న "అయినా ఆ ఓటు..." అని దెప్పేదాన్ని. "మీరన్నది నిజమేనండీ" అనేవారు ప్రతిసారీ. ఒక్కసారైనా ఎదురు చెబితే నాకు కొంచెం బాగుండేది.

ఆయన పోయినప్పుడు పరీక్షల డ్యూటీలో ఇరుక్కుని వెళ్ళలేకపోయాను. పెద్దకార్యం అయిన నాలుగు రోజులకి వెళ్ళాను. వీర్రాజు గుండు మీద తువ్వాలు వేసుకుని వాకిట్లో ఉన్నాడు. ఇద్దరం చెరువు దాకా నడిచాం. రేవు మెట్ల మీద ఆడవాళ్ళు నీళ్ళు ముంచుకుంటున్నారు. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"వీర్రాజూ, నువ్వు నెగ్గిన ఆ ఒక్క ఓటూ ఎవరిదో తెలుసా? ఆయనదే. తన ఓటు నీకే వేశారు. వేసుకుని ఉంటే నెగ్గేవారు. ఇన్నాళ్ళూ ఆ మనిషిని తిడుతూనే ఉన్నాను నేను."

వాడు మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను. నీళ్ళ వంక చూస్తూ అన్నాడు.

"అలా వేసుకునే మనిషైతే నెగ్గేవారు కాదండీ, టీచరుగారండీ."

"అదేంటి?"

"నా ఓటు నేను ఆయనకేసేశానండీ. ముద్ర పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో మీరే చూశారు కదండీ, కసిరారు కూడాను. బీరువా మీదికి చెయ్యి వెళ్ళలేదండీ. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు తిన్న చెయ్యండీ ఇది. ఆయన నెగ్గాలనే వేశానండీ. నెగ్గలేదు. మరి ఆయన నెగ్గితే ఏం చేసేవారో అదే చెయ్యాలి కదండీ నేను. అందుకే ఎత్తానండీ చెయ్యి."

నేను లెక్కల టీచర్ని కాదు. అయినా వేళ్ళు మడిచి చూసుకున్నాను. ఈయనది అటు, వాడిది ఇటు. ఎవరి ఓటు వాళ్ళు వేసుకుని ఉన్నా తేడా అదే ఒక్కటి, నెగ్గేది బీరువానే. తన ఓటు తాను వేసుకునే మనిషైతే వాడి చెయ్యీ ఆయన మీదికి వెళ్ళేది కాదు, ఆయన మర్యాద వల్ల పోయింది ఏమీ లేదు. చెరువు మిగిలింది కూడా, ఆ మర్యాద ఇంకొకడికి అంటుకున్నందుకే. ఈ ముక్క ఆయనకి తెలియకుండానే పోయారు. ప్రతి ఫోనులోనూ నేను దెప్పడం, ఆయన నిజమేననడం తలుచుకుని, ఆ మెట్ల మీద బిందెల ఆడవాళ్ళ ముందు భోరుమన్నాను. ఎవరో చెంబుతో నీళ్ళిచ్చారు. తాగాను. చప్పగా, బాగున్నాయి.

మధ్యాహ్నం ప్రెసిడెంటుగారి ఆవిడ మా ఇద్దరికీ కంచాలు పెట్టింది. మధ్యలో చేపల పులుసు గిన్నె, అందులో గరిట. మజ్జిగ కోసం లోపలికి వెళ్ళి తిరిగొచ్చేసరికి వీర్రాజు వట్టి అన్నం కలుపుతున్నాడు.

"వీడొకడు తయారయ్యాడు ఆయనకి. గిన్నె ముందే ఉంది కదరా, వేసుకోవేం?" అంటూ గరిటెత్తి వాడికి పులుసు పోసింది. పోస్తూ పోస్తూ నా కంచం వైపు చూసి ఆగిపోయింది.

"ఓరి నాయనో, మీరూనా టీచరమ్మా!"